పానగల్ నీళ్ళు, విశాఖ సముద్రం: ఒక బడి ప్రాజెక్టు డైరీ

జూన్ ఆఖరు

ఈ ఏడాది సైన్స్ ప్రాజెక్టుకు సముద్రం తీసుకుందామని నేనంటే తొమ్మిదో తరగతి పిల్లలు నా మొహం చూశారు. "మనకాడ సముద్రం యాడుంది సార్?" అన్నాడొకడు. నిజమే, నల్లగొండ నుంచి అలలు చూడాలంటే సూర్యలంక దాకా పోవాలి. కానీ ఇక్కడి పత్తి చేలమీద పడే వానలో పెద్ద వాటా బంగాళాఖాతంలో లేచే అల్పపీడనాలదే. టీవీలో కింద స్క్రోలింగ్ రాగానే యూరియా ఇప్పుడు చల్లాలా, రెండు రోజులు ఆగాలా అని ఇంట్లో లెక్కలు వేసేది వీళ్ళ నాయినలే. ఆ అల్పపీడనానికి కావలసిన ఆవిరిని ఇచ్చేది సముద్రపు పైనీరు. అది ఎంత వెచ్చగా ఉంది, ఎప్పుడెప్పుడు మారుతుంది, ఎందుకు మారుతుంది అన్నదే ప్రాజెక్టు.

పని మూడు ముక్కలు చేసుకున్నాం. ఉపగ్రహ డేటాతో గ్రాఫులు ఒకటి. ఇక్కడి చెరువులో థర్మామీటర్ దించి చూడటం రెండోది. గాజు తొట్టిలో ఒక చిన్న సముద్రం కట్టడం మూడోది. అసలు కష్టం మూడోదాంతోనే అని అప్పుడే అనిపించింది.

జూలై మొదట్లో

డేటా ఉచితమే. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా, ఓఐఎస్ఎస్‌టీ అనే పేరుతో రోజువారీ సముద్ర ఉష్ణోగ్రతలు ఇస్తుంది. 1981 సెప్టెంబర్ నుంచి ఉంది. ప్రపంచం మొత్తాన్ని పావు డిగ్రీ గళ్ళుగా కోస్తారు, ఒక్కో గడి మనవైపు దాదాపు 27 కిలోమీటర్లు. ఫైళ్ళన్నీ దించుకోనక్కర్లేదు, కావలసిన గడి ఒక్కదానికే సీఎస్‌వీ, అంటే అంకెల పట్టిక ఫైలు, అడిగితే ఇస్తుంది. బడి కంప్యూటర్‌కు అంతకన్నా ఎక్కువ బరువు పెట్టలేం కూడా.

రెండు గళ్ళు ఎంచుకున్నాం. విశాఖ ఎదురుగా 17.625 ఉత్తరం, 83.375 తూర్పు. కొచ్చి ఎదురుగా 9.875 ఉత్తరం, 75.875 తూర్పు. కొచ్చి ఎందుకంటే, అటు అరేబియా సముద్రం, ఇటు బంగాళాఖాతం, రెండింటికీ ఒకే ఎండ, ఒకే నైరుతి. ఒకేలా ఉండాలి కదా అని పిల్లలు పందెం వేసుకున్నారు.

ఉండవు. విశాఖ గీత జనవరిలో 26 దగ్గర మొదలై, ఏప్రిల్, మే నెలల్లో 30 దాకా ఎక్కి, నైరుతి రాగానే కాస్త దిగి 29 చుట్టూ తచ్చాడి, వానలు వెనుదిరిగేటప్పుడు మళ్ళీ ఓ చిన్న గుట్ట ఎక్కి, నవంబర్ నుంచి జారుతుంది. కొచ్చి గీత కూడా మేలో 30 దాటుతుంది, కానీ జూలై, ఆగస్టు వచ్చేసరికి 27 దగ్గరికి పడిపోతుంది. విశాఖది ఎందుకు పడలేదు? ప్రాజెక్టు మొత్తానికి ఇదే అసలు ప్రశ్న అని బోర్డు మీద ఓ మూల రాసి, చుట్టూ గీత గీసి, చెరపొద్దని చెప్పాను.

జూలై, అదే వారం

ఇంకో గీత వేయమని ఓ అమ్మాయి అడిగింది, మన నల్లగొండ గాలి ఉష్ణోగ్రతది. వేస్తే సముద్రం గీతలు రెండూ దాని పక్కన చదునుగా పడుకున్నాయి. మన దగ్గర చలికాలం రాత్రి స్వెటర్ వేసుకుంటాం, మే మధ్యాహ్నం 44 చూస్తాం. సముద్రానికి ఏడాది మొత్తం మీద నాలుగైదు డిగ్రీల తేడా.

దీనికి లెక్క బోర్డు మీద చేయించాను. ఒక చదరపు మీటరు నేల మీద నిలబడ్డ గాలి బరువు దాదాపు పది టన్నులు. కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు ఒక కిలోజౌల్, కిలో నీటికి 4.2. అంటే నేల నుంచి ఆకాశం అంచుదాకా ఉన్న గాలి మొత్తానికి ఎంత వేడి పడుతుందో, రెండున్నర మీటర్ల నీటికి అంతే పడుతుంది. క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంది, తర్వాత వెనక బెంచీ నుంచి "మరి సముద్రం రెండున్నర మీటర్లేనా సార్?" అని వచ్చింది. సరైన ప్రశ్న. ఎండ వేడి ఎంత లోతు దాకా పంచుకుపోతుందన్నదాన్ని బట్టే ఉంటుందంతా.

సముద్రంలో గాలి, అలలు పైనీటిని కలిపేసి ఒకే ఉష్ణోగ్రతకు తెస్తాయి. ఈ కలిసిన పొర మందం 20 మీటర్లు ఉండొచ్చు, 50 ఉండొచ్చు. రాకపోకలు పోను చదరపు మీటరుకు 100 వాట్ల వేడి మిగిలిందనుకుందాం. 30 మీటర్ల పొర అయితే నెలకు దాదాపు రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. 20 మీటర్లయితే మూడుకు పైనే. 50 అయితే డిగ్రీకి కొంచెం ఎక్కువ. ఎండ అదే, సముద్రం అదే, మారింది పొర మందం ఒక్కటే. ఈ లెక్కను నోట్సులో రాసుకోమన్నాను, ఎందుకంటే దీని తర్వాత వచ్చేదంతా దీనికి కొనసాగింపే.

జూలై చివర

సాగర్ గేట్లు ఎత్తారు. పిల్లలు సగం మంది సెలవు పెట్టారు, అడగాల్సిన పని లేదు ఎక్కడికి పోయారో. వచ్చాక అడిగాను, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయని. పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, హంసలదీవి, సముద్రం అని వరసగా చెప్పారు. ఉప్పు నీటిలో మంచి నీళ్ళు పడితే ఏమవుతుందో సెప్టెంబర్‌లో చూద్దామని చెప్పి వదిలేశాను.

ఆగస్టు

పానగల్ ఉదయసముద్రం. నల్లగొండ పక్కనే ఉంది కాబట్టి బస్సు ఖర్చు లేదు. పేరులో సముద్రం ఉందని పిల్లలకు అదో సరదా.

పరికరం సంగతి. డీఎస్18బీ20 అనే సెన్సార్, స్టీలు గొట్టంలో సీలు చేసి వస్తుంది, నీళ్ళలో ముంచొచ్చు. మూడు వైర్లు, డేటా వైరుకూ సప్లైకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అంకెలు చదవడానికి ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, అంతే. నాలుగు సెన్సార్లను ఒకే డేటా వైరు మీద పెట్టొచ్చు, అది దీని గొప్పతనం. పీవీసీ పైపుకు పైన, అర మీటరు, ఒక మీటరు, మూడు మీటర్ల దగ్గర కట్టాం. ఆన్ చేయగానే 85 డిగ్రీలు చూపిస్తే ఎవరూ కంగారు పడక్కర్లేదు, చిప్పుకు కొలవడం మొదలు కాకముందు లోపల ఉండే అంకె అది. మైనస్ 127 వస్తే వైరు ఊడిందని అర్థం. కంపెనీ హామీ అర డిగ్రీ అటూఇటూ అనే కాబట్టి, నాలుగింటినీ కట్టగట్టి నలగ్గొట్టిన ఐసు నీళ్ళలో పెట్టి, ఒక్కోటి సున్నాకు ఎంత దూరంలో ఉందో రాసుకుని, ఆ తేడా తీసేశాం. ఈ పని చేయకపోతే మిగతా అంకెలన్నీ కాగితం దండగ.

చేపలు పట్టే తాత ఒకాయన పుట్టిలో నన్నొక్కణ్ణే ఎక్కించుకున్నాడు, పిల్లలు గట్టుమీదే ఉండి ఫోనులో నేను చెప్పే అంకెలు రాశారు. గాలి లేని మధ్యాహ్నం. పైన ఇంచుమించు 33, మీటరు లోతులో 30 చిల్లర, మూడు మీటర్ల దగ్గర 29. తాత అంకెలు చూడకుండానే చెప్పాడు: "పైన వెచ్చగుంటయి, లోపల సల్లగుంటయి సారూ. గాలి గట్టిగ కొడితే అన్నీ కలుస్తయి." మర్నాడు పొద్దున, రాత్రంతా గాలి కొట్టాక, నాలుగు సెన్సార్లూ 29కీ 30కీ మధ్య ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. నేను రెండు పీరియడ్లు చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. ఆయన మాటనే చార్టు మీద పెద్దక్షరాలతో రాయించాను.

ఇక్కడ పిల్లలకు ఒక పేచీ తగిలింది. పైన 33, మీటరు కింద 30 అయితే, "సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత" అంటే ఏ అంకె? ఉపగ్రహం పరారుణ కెమెరా చూసేది మిల్లీమీటరులో చిన్న భాగం మందం ఉన్న పొరను మాత్రమే. సముద్రంలో తేలుతూ కొలతలు తీసే బోయ్ మీటరు లోతు దగ్గర కొలుస్తుంది. ఓడలు ఒకప్పుడు బకెట్‌తో తోడి కొలిచేవి, గుడ్డ బకెట్ అయితే పైకి లాగేలోపే ఆవిరై చల్లబడేది. తర్వాత ఇంజన్లోకి తీసుకునే నీటి దగ్గర కొలవడం మొదలైంది. ఓఐఎస్ఎస్‌టీలో ఉపగ్రహపు అంకెలను బోయ్‌లు, ఓడల కొలతలకు సరిపోయేలా సర్దుతారు. అదీకాక పరారుణానికి మేఘం అడ్డం, నైరుతిలో మేఘం లేని రోజు దొరకదు. మైక్రోవేవ్ మేఘాన్ని దాటి చూస్తుంది కానీ నేల దగ్గరగా ఉంటే దానికి చూపు ఆనదు. కాబట్టి తీరం పక్క గడిని గుడ్డిగా నమ్మొద్దని నా అభిప్రాయం. విశాఖకు తూర్పున ఇంకో రెండు గళ్ళు కూడా తీసి పక్కన పెట్టాం. పెద్ద కథ మూడింటిలోనూ ఒకటే, చిన్న చిన్న గీరలు మాత్రం వేరు.

సెప్టెంబర్

తొట్టి వచ్చింది. మూడడుగుల అక్వేరియం, అంచు కొంచెం పగిలిందని తక్కువకు ఇచ్చారు. నీళ్ళు మాత్రం మినరల్ ప్లాంటు క్యాన్లవి. మా బోరు నీళ్ళలో ముందే బోలెడు లవణాలు, నల్లగొండ వాళ్ళకు నీటిలో ఏం కరిగుంటుందో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మొదటి ప్రయోగం, ఉప్పు లేకుండా. అడుగున ఫ్రిజ్ నీళ్ళు, నీలం సిరా కలిపి. పైన మామూలు నీళ్ళు. పై నీళ్ళు పోసేటప్పుడు ఒక థర్మోకోల్ ముక్కను తేలనిచ్చి, దానిమీద సన్నగా ధార పోయాలి, లేకపోతే రెండూ కలిసిపోయి పొద్దున్నుంచి చేసిందంతా మళ్ళీ మొదలు. నీలానికీ తెలుపుకీ మధ్య గీత గీసినట్టు నిలిచింది. ఒక చివర టేబుల్ ఫ్యాను పెట్టి రెండో నంబర్ మీద వేశాం. పై నీరు ఫ్యానుకు ఎదురు గోడ వైపు నెట్టుకుపోయింది, ఫ్యాను వైపు గోడ దగ్గర నీలం మెల్లగా పైకి లేచింది. మూడో నంబర్ పెట్టేసరికి నీలం పైదాకా వచ్చి సెన్సార్ చల్లబడింది. కొచ్చి గీత జూలైలో ఎందుకు పడుతుందో తొట్టిలో కనపడింది. దీన్ని అప్‌వెల్లింగ్ అంటారు.

ఒక తేడా చెప్పాలి. తొట్టి తిరగదు, భూమి తిరుగుతుంది. అందుకని సముద్రంలో గాలి తీరానికి అడ్డంగా కాదు, తీరం వెంట వీస్తే అప్‌వెల్లింగ్ వస్తుంది. ఉత్తరార్ధ గోళంలో పైనీరు గాలికి కుడివైపు మళ్ళుతుంది. కేరళ దగ్గర వానాకాలపు గాలి తీరం వెంట దక్షిణం వైపు ఒరుగుతుంది, దానికి కుడి అంటే నడి సముద్రం. పైనీరు అటు పోతే, ఆ ఖాళీలోకి లోపలి చల్లనీరు లేస్తుంది. సోమాలియా దగ్గర ఇదే పని ఎంత గట్టిగా జరుగుతుందంటే, నైరుతిలో అక్కడి నీరు కొన్నిచోట్ల 20 కంటే కిందికి పోతుంది. భూమధ్యరేఖకు పక్కనే ఉండి!

"విశాఖ దగ్గర కూడా నైరుతి గాలి తీరం వెంటే కదా సార్, కుడి వైపు సముద్రమే కదా?" మ్యాపు మీద వేలు పెట్టి అడిగింది అదే అమ్మాయి. అవును. అక్కడా నీరు లేవాలి, కొంత లేస్తుంది కూడా. కానీ గీతలో అంత పడిపోదు. అందుకే రెండో ప్రయోగం.

ఈసారి అడుగు నీళ్ళలో లీటరుకు ఐదు గ్రాముల దొడ్డుప్పు కలిపాం. బంగాళాఖాతం ఉత్తర భాగంలో వానల తర్వాత పైనీటికీ లోపలి నీటికీ ఉప్పులో తేడా ఇంచుమించు అంత ఉంటుంది. చల్లదనం, సిరా, ఫ్యాను అన్నీ మునుపటివే. రెండో నంబర్‌కు నీలం కదల్లేదు. మూడో నంబర్‌కు గీత కాస్త వంగి ఆగింది. పైన అలలు లేచి గట్టు మీద చిమ్ముతున్నాయి, కింద నీలం మాత్రం పట్టించుకోలేదు. పిల్లలు ఇంకో ఫ్యాను తెచ్చి పక్కన పెట్టారు, అయినా అంతే. పైన పోసిన మంచినీళ్ళు అడుగు నీటికి మూత పెట్టినట్టయింది.

ఎందుకో అంకెల్లో చూస్తే: 30 డిగ్రీల మంచినీళ్ళకూ 22 డిగ్రీల మంచినీళ్ళకూ ఘనమీటరుకు తేడా దాదాపు రెండు కిలోలే. లీటరుకు ఐదు గ్రాముల ఉప్పు దాదాపు నాలుగు కిలోలు కలుపుతుంది. ఎనిమిది డిగ్రీల చల్లదనం తెచ్చే బరువుకు అది రెట్టింపు. గాలి ఆ బరువైన నీటిని పైకి ఎత్తాలి.

ఇప్పుడు మ్యాపు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అటు బర్మా నుంచి ఇరావతి, అన్నీ ఒకే ఖాతంలో పడతాయి. పైగా దానిమీదే కుండపోత వాన. అరేబియా సముద్రంలో అంతటి నదులు పడవు, ఆవిరి ఎక్కువ, ఉప్పూ ఎక్కువ. అందుకే నైరుతి గాలి అటు లోతుగా కలిపి చల్లార్చేస్తుంది, ఇటు పై పొరనే కదిలించి ఊరుకుంటుంది. పలుచటి పొర, ఎండ కాస్తే త్వరగా వేడెక్కుతుంది. జూలైలో చేసిన 20 మీటర్ల లెక్క ఇదే. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన షెనాయ్, శంకర్, షెట్యే 2002లో రెండు సముద్రాల వేడి లెక్కలు పక్కపక్కన పెట్టి ఈ తేడానే చూపించారు. బంగాళాఖాతం నైరుతిలో కూడా 28 డిగ్రీలకు పైన నిలబడుతుంది కాబట్టి దానిమీద మేఘాలు ఎత్తుగా లేస్తాయి, వాన పడుతుంది, ఆ వాన నదుల్లోకి, నదులు మళ్ళీ సముద్రంలోకి. చక్రం తిరుగుతూ ఉంటుంది.

మన కృష్ణ వాటా ఎంత అని అందరూ అడిగారు, సాగర్ గేట్లు చూసొచ్చిన ఉత్సాహం. గంగా బ్రహ్మపుత్రల ముందు చిన్నదే. కృష్ణలో చాలా నీళ్ళు దారిలోనే కాలువల్లోకి పోతాయి. కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

అక్టోబర్ చివర

మొంథా తుపాను. 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది, మర్నాడు మన వైపంతా వాన. బడికి సెలవు, కరెంటు లేదు, ఫ్యాను ప్రయోగం మూలన. పత్తి తడిసిన ఇళ్ళ పిల్లలు రెండు మూడు రోజులు రాలేదు, వాళ్ళను అడగలేదు కూడా.

వచ్చాక మాత్రం వాళ్ళే అడిగారు. తుపాను పోతూ పోతూ సముద్రాన్ని కలియబెట్టి, చల్లటి దారి ఒకటి వదిలి వెళ్తుంది. ఆ చల్లదనం తుపానుకే బలం తగ్గిస్తుంది. కానీ అక్టోబర్, నవంబర్ నెలల్లో ఉత్తర బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన పరుచుకుని ఉంటుంది కాబట్టి, మే నెల తుపానుతో పోలిస్తే అక్కడ నీరు తక్కువగా చల్లబడుతుంది. కింద ఉన్న చల్లనీరు పైకి రాలేకపోవడం తుపానుకు లాభం, తీరానికి నష్టం. విశాఖ గీతలో వానల చివర గుట్టలా కనపడిన ఆ రెండో పెరుగుదల ఊరికే గ్రాఫులో అందం కాదు.

తీరం వెంట ప్రవాహం కూడా తిరుగుతుంది. వానాకాలానికి ముందు అది ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి. ఉత్తరాన చేరిన మంచినీటిని పట్టీలా తీరం పక్కన కిందికి, తమిళనాడు వైపు లాక్కెళ్తుంది. అందువల్ల విశాఖ గడిలో మనం చూసేది విశాఖ ఎండ ఒక్కటే కాదు, పైనుంచి వచ్చిన నీరు కూడా.

నవంబర్

నైరుతి నెలల్లో గీత రంపంలా ఎందుకుందని వదిలేసిన ప్రశ్న ఒకటి మిగిలింది. 30 నుంచి 60 రోజులకోసారి ఊగే ఊపు అది. వానలకు విరామం వస్తే మేఘం ఉండదు, గాలి మందగిస్తుంది, ఖాతం ఉత్తర భాగం డిగ్రీ, ఒక్కోసారి రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. వారం పది రోజుల తర్వాత దానిమీద మేఘాలు కట్టి వాన మళ్ళీ మొదలై, నీరు చల్లబడుతుంది. ఇక్కడ పత్తి వాడిపోయి జనం ఆకాశం చూస్తున్న రోజుల్లో అక్కడ సముద్రం వేడి కూడబెట్టుకుంటోందన్న మాట. పిల్లల్లో సగం మంది వ్యవసాయం ఇళ్ళవాళ్ళు, ఈ ఒక్క విషయం ఇంట్లో చెప్పామన్నారు. మిగతా దేనికీ అలా చెప్పలేదు.

తర్వాత ఏళ్ళ లెక్క. ప్రతి రోజుకూ 1991 నుంచి 2020 దాకా సగటు తీసి, దాన్ని తీసేస్తే మిగిలేది అసాధారణత. అది వేస్తే రుతువులు మాయమై, ఏళ్ళ తేడా కనపడుతుంది. ఎల్ నినో, అంటే పసిఫిక్ నడుమ నీరు మామూలుకన్నా వేడెక్కడం, వచ్చిన మరుసటి ఏడాది మొదట్లో హిందూ మహాసముద్రం దాదాపు అంతా వేడెక్కుతుంది, 1998, 2016 అలాంటివి. ఇంకోటి హిందూ మహాసముద్ర ద్విధ్రువం, 1999లో దానికి పేరు పెట్టారు. 1997, 2019 లాంటి ఏళ్ళలో సుమత్రా వైపు నీరు చల్లబడి, ఆఫ్రికా వైపు వేడెక్కింది. భూమధ్యరేఖ దగ్గర గాలి మారితే ఆ కబురు అలగా మారి బంగాళాఖాతం అంచు చుట్టూ తిరిగి మన తీరం వెంట దిగి, శ్రీలంక చుట్టి కేరళ దాకా పోతుంది. నీటి పైన కనపడని అల అది, లోపలి చల్ల పొరను ఎత్తుతూ దించుతూ పోతుంది.

వీటన్నిటి కింద మెల్లగా ఎక్కే వాలు ఒకటుంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీరు దాదాపు ఒక డిగ్రీ వేడెక్కింది. ఏడాదికి నాలుగైదు డిగ్రీలు తిరిగే చోట ఒక డిగ్రీ ఎంతలే అని ఒకడన్నాడు. జూలై లెక్క పుస్తకం తీయమన్నాను. రెండున్నర మీటర్ల నీటికి ఒక డిగ్రీ అంటే పైనున్న గాలంతటికీ ఒక డిగ్రీ. యాభై మీటర్లకైతే ఎంతో వాడే గుణించి చెప్పాడు.

జనవరి

సైన్స్ ఫెయిర్‌కు ముందు చివరి ప్రయోగం. చలికాలంలో ఉత్తర బంగాళాఖాతంలో పైనీరు చల్లగా, కింది నీరు వెచ్చగా ఉంటుందని చదివినప్పుడు పిల్లలు ఒప్పుకోలేదు. చల్లనీరు మునగాలి కదా. సరే, అడుగున గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, పైన ఫ్రిజ్ మంచినీళ్ళు పోశాం. నిలబడింది. సెన్సార్లు చెప్పాయి కానీ వాళ్ళకు అది చాలలేదు, ఒక్కొక్కరూ చొక్కా చేయి పైకి మడిచి మోచేతి దాకా ముంచారు. మణికట్టు దగ్గర జిల్లుమంటోంది, వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. వరస కట్టి మరీ ముంచారు, ఎనిమిదో తరగతి వాళ్ళు కూడా వచ్చి చేరారు. ఆ కలియబెట్టుడుకు కాసేపటికి పొరలన్నీ పోయాయి.

ఫెయిర్‌లో ఈ ప్రయోగమే పెడుతున్నాం, ఫ్యానుది కాదు. ఫ్యాను పెడితే పక్క స్టాలు వాళ్ళ చార్టులు ఎగురుతాయి. తొట్టికి నీళ్ళు అక్కడే నింపాలి, నిండు తొట్టిని ఆటోలో తీసుకెళ్తే పగులు పెరుగుతుంది. ఉప్పు ముందే తూచి పొట్లాలు కట్టి పెట్టాం.

చేయాల్సింది ఇంకా ఉంది. మచిలీపట్నం ఎదురుగా ఒక గడి, పారాదీప్ ఎదురుగా ఇంకోటి తీసి, రెండో గుట్ట ఉత్తరానికి పోయేకొద్దీ పెరుగుతుందా తగ్గుతుందా చూడాలి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది, ఇవే ఉష్ణోగ్రతలు, నీటిలో పత్రహరితం చూసి జాలర్లకు చేపలు ఎక్కడ దొరుకుతాయో రోజూ చెప్పే సంస్థ. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళడానికి అనుమతి కోసం ఉత్తరం రాశాను. పానగల్ తాతను కూడా తీసుకెళ్దామంటున్నారు, ఆయన ఒప్పుకుంటే.